కొట్టం అనే మాట కొట్టడం నుంచి రాలేదన్నా

అన్నా, పాప స్కూల్ ప్రాజెక్టుకి ‘కొట్టం’ మాట ఎట్లా పుట్టిందో కావాలన్నారు. పశువుల్ని కట్టేసి కొడతారు కాబట్టి ఆ పేరు అని ఎవరో చెప్పారట. అది మాత్రం రాయించొద్దు. నగరి దాటి తమిళనాడులోకి పోతే పశువుల పాకని కొట్టిల్ అంటారు, పలమనేరు దాటి కన్నడ దేశంలోకి పోతే కొట్టిగె. మన కొట్టం వీటికి చుట్టమే. దెబ్బల ఊసు ఎక్కడా లేదు.

గోశాల సంస్కృతం. గో అంటే ఆవు, శాల అంటే ఇల్లు, అంతే. తిరుపతిలో టీటీడీ గోశాల ఫొటో ఒకటి అంటించండి. పాపకి ఇంకా నచ్చేది గోష్ఠి. ఆవులు నిలిచే చోటు గోష్ఠం. నలుగురు చేరి మాట్లాడుకునే గోష్ఠి దాన్నుంచే వచ్చింది. (సాహిత్య గోష్ఠుల వాళ్లకి చెప్పకండి!)

బందెలదొడ్డిని ఇందులో కలపొద్దు. చేలో పడి మేసిన గొడ్లని తోలిపెట్టే చోటు అది. 1871 నాటి చట్టం ప్రకారం జరిమానాతో పాటు మేత ఖర్చు కూడా కడితేనే విడిచిపెట్టేవాళ్లు.