ఫొటో గజిబిజిగా ఉందని కన్ను ఎలా తేలుస్తుంది? దాన్ని కొలవొచ్చా?

సిరిమానోత్సవం రోజు విజయనగరం వీధి ఫొటో పక్కన పొందూరు ఖద్దరును బాగా దగ్గర్నుంచి తీసిన ఫొటో పెట్టండి. గజిబిజి ఏది అంటే మొదటిదే చూపిస్తారు. ఖద్దరులోనూ గీతలు తక్కువేం కాదు. కానీ పడుగూ పేకా ఒకే వరసలో తిరిగి తిరిగి వస్తాయి. కన్ను వాటిని లెక్కపెట్టకుండా ‘గుడ్డ’ అని తేల్చేస్తుంది. వీధిలో తలలు, కరెంటు తీగలు, బోర్డులు ఒకదాన్నొకటి కప్పేస్తాయి, దేనికి దాన్ని విడదీసుకోవాలి. సిరిమాను ఎక్కడుంటుందో ముందే తెలిసినవాళ్లకు మాత్రం అదే ఫొటో కాస్త తేలికగా కనిపించవచ్చు.

కొలవాలంటే, రెండింటినీ 1000 × 1000 పిక్సెళ్లకు తెచ్చి, ఒకే నాణ్యతతో జేపెగ్‌గా సేవ్ చేసి ఫైల్ సైజు చూడండి. వివరాలు పెరిగితే సైజూ పెరుగుతుంది. చిక్కల్లా కళింగపట్నం ఇసుక క్లోజప్ లాంటివాటితోనే: రేణువు రేణువుకీ తేడా కాబట్టి ఫైల్ ఉబ్బుతుంది, మనిషి మాత్రం ‘ఇసుకే కదా’ అంటాడు.

అందుకే మనుషుల్నీ అడగాలి. 1980లో స్నాడ్‌గ్రాస్, వాండర్‌వార్ట్ అనే మనస్తత్వ పరిశోధకులు 260 గీతబొమ్మల్లో ఏది ఎంత చిక్కుగా ఉందో 5 మెట్ల స్కేలు మీద మార్కులు వేయించారు. ‘ఎంత బాగుంది’ అని అడగకండి, ‘వివరాలు ఎంత ఎక్కువ’ అనండి. లేకపోతే నచ్చడమూ చిక్కుదనమూ కలిసిపోతాయి.