వలకు ఉన్న కన్నే లేసుకూ

సందేహం: మాది నరసాపురం దగ్గర పల్లె. మూడు తరాలుగా ఇంట్లో లేసు పని చేస్తున్నాం. ఇప్పుడు నమూనాలు ఇంగ్లీషు కాగితాల మీద వస్తున్నాయి. సీ.హెచ్., ఎస్.సీ., డీ.సీ. వంటి పొడి అక్షరాలు, ‘స్టిచ్ మార్కర్’ అనే మాట ఉంటున్నాయి. మా కోడలి కోసం వాటిని తెలుగులో రాసిపెట్టాలనుకుంటున్నాను. మార్కరును ‘కుట్టు గుర్తు’ అనవచ్చా? పొడి అక్షరాలు ఎలా రాయాలి? అసలు లేసు కుట్టడం అనాలా, అల్లడం అనాలా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగిలినవీ తేలతాయి.

తేలు కుడుతుంది, చెవులు కుట్టిస్తాం, విస్తరి కుడతాం. మూడింటిలోనూ ఒక మొన దేన్నో పొడుచుకుని దూరుతుంది. లేసులో పొడవడానికి ముందుగా గుడ్డ అంటూ ఉండదు. దారమే మెలికలు తిరిగి లేసు అవుతుంది. బుట్ట, తడిక, నులక మంచం, వల అన్నిటినీ మనం అల్లుతాం. కాబట్టి లేసును అల్లడమే అనండి. కొక్కెం సూది పాత వరుసలోకి దూరుతుంది కదా అని ‘కుట్టడం’ అనేవారిని తప్పుపట్టను. కానీ ఆ సూది దారాన్ని పొడవదు, ఉన్న సందులోంచి వెళ్తుంది.

ఆ సందుకు మీ గోదావరి తీరంలోనే చక్కని పేరుంది. వలలో ఒక్కొక్క గడిని కన్ను అంటారు. స్టిచ్‌కు కూడా ఆ మాటే తీసుకోండి. ‘కుట్టు’ కన్నా ఇది నాకు ఎంతో ఇష్టంగా ఉంది, ఎందుకంటే అల్లేవారు లెక్కపెట్టేది కన్నులనే.

ఇక మార్కరు. స్వెట్టరు అల్లేవారు దాన్ని చిన్న ఉంగరంలా సూదికే తొడుగుతారు. అది రెండు కన్నుల మధ్య నిలుస్తుంది, అక్కడికి రాగానే ఒక సూది మీద నుంచి రెండో దానికి జరుపుతారు. పొలాల మధ్య రాయి లాంటిది గనుక దాన్ని ‘హద్దు’ అనవచ్చు. లేసులో అలా కాదు. గుండ్రంగా అల్లేటప్పుడు చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి మొదటి కన్నుకే రంగుదారం ముక్కో పిన్నీసో తగిలించి, ప్రతి చుట్టుకూ పైకి మారుస్తారు. అది ఆ కన్నుకు పెట్టిన ‘గుర్తు’. మీకు ‘కన్ను గుర్తు’ సరిపోతుంది.

పొడి అక్షరాలు మనకు కొత్త కాదు. పద్యం ముందు ‘ఉ.’ కనబడితే ఉత్పలమాల అని, ‘తే.గీ.’ అంటే తేటగీతి అని చదివేవాళ్లం. ఇంగ్లీషులో పలకని అక్షరాన్నీ తీసుకుంటారు. స్వెట్టరు అల్లికలోని ‘నిట్’ అనే మాటకు వారు రాసేది ‘కే’. మనం గుణింతంతో సహా తీసుకుంటాం. అందుకే గొలుసుకు ‘గ.’ కాదు, ‘గొ.’ రాయాలి. సీ.హెచ్., అంటే చైన్, అదే.

అసలు చిక్కు డీ.సీ. దగ్గర ఉంది. అమెరికా వారు ఎస్.సీ. (సింగిల్ క్రోషే) అనే కన్నునే బ్రిటన్ వారు డీ.సీ. (డబుల్ క్రోషే) అంటారు. అమెరికా వారి డీ.సీ. బ్రిటన్ వారికి టీ.ఆర్. (ట్రెబుల్). పొరబడితే లేసు ఎత్తే మారిపోతుంది. కాగితంలో ఎస్.సీ. ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికా పద్ధతి అనుకోండి. మీరు మాత్రం ఈ పేర్లను అనువదించకండి. సూదిని కన్నులోకి దూర్చే ముందు దారాన్ని దానికి ఎన్నిసార్లు చుడతారో చూసి పేరు పెట్టండి. చుట్టకపోతే పొట్టికన్ను, ‘పొ.’. ఒకసారి చుడితే ఒంటిచుట్టు, ‘ఒం.చు.’. రెండుసార్లయితే జంటచుట్టు, ‘జం.చు.’. అప్పుడు కాగితం ఏ దేశానిదైనా మీ కోడలికి ఒకే మాట వినిపిస్తుంది. ఒకసారి చుట్టినా పూర్తి ఎత్తు రానిది ఒకటుంది, దాన్ని అరచుట్టు అని విడిగా రాసుకోండి.

‘గొ. 5, ఒం.చు. 1’ అని రాసి ఆమె చేత పైకి చదివించండి. ఐదు గొలుసులు, ఒక ఒంటిచుట్టు అని తడుముకోకుండా చదివితే ఆ రాత బాగున్నట్టే. తడబడిన చోట మాత్రం పొడి అక్షరం తీసేసి పూర్తి మాట రాయండి.