బాపు ఊపిరితిత్తి ముక్కను పరిశోధనకు ఇయ్యొచ్చా? – సమాధానం

తమ్మీ, టీబీతో పాడైన మీ బాపు ఊపిరితిత్తి భాగాన్ని ఆపరేషన్‌ల తీస్తున్నరని, పరిశోధనకు ముక్క ఇయ్యమని సంతకం అడిగితే భయమైందని రాసినవు. పరిశోధన కోసమని ఎక్కువ కోయరాదు. జబ్బు కోసం తీసిన దాంట్లోంచే అడుగుతరు. ఇష్టం లేకుంటే వద్దను, వైద్యం ఆపే హక్కు వాళ్లకు లేదు.

నన్నడిగితే ఇయ్యమనే అంట. టీబీతో మనిషి ఊపిరితిత్తిల పడే గుంతలు మామూలు ల్యాబ్ ఎలుకల్లో పడవు. పాడైన గడ్డను కోస్తే నడుమ నలిపిన పన్నీర్ లెక్క తెల్లగ ఉంటది. అక్కడ రక్తనాళాలుండవు, కొన్ని మందులు సరిగ్గ చేరవు, క్రిములు అందులనే నక్కుతయి. ఈ సంగతంతా తెమడ పరీక్షల కనబడదు.

హన్మకొండల ల్యాబ్ పని చేసేటోణ్ని, ఒక్కటి గట్టిగ చెప్త: ముక్క మొత్తం ఫార్మాలిన్‌ల (ముక్క కుళ్లకుండ దాచే మందునీళ్లల) వేయనియ్యకు. అందుల పడితే క్రిములు చస్తయి, కల్చర్ (క్రిములను ల్యాబ్‌ల పెంచి చూసే పరీక్ష) కాదు, ఏ మందు పనిచేస్తదో తెల్వది. (అట్ల పాడైన డబ్బాలు ఎన్ని చూసిన్నో!) ఒక ముక్క సెలైన్‌ల వేరే పంపమని సర్జన్‌ను ముందురోజే అడుగు. కల్చర్‌కు ఆరు వారాల దాకా పట్టొచ్చు. ఈలోపు సీబీనాట్ (టీబీ క్రిమి డీఎన్‌ఏను పట్టే పరీక్ష) పాజిటివ్ వస్తే బెంబేలు పడకు, చచ్చిన క్రిముల డీఎన్‌ఏ కూడా అందుల చూపిస్తది.