ఎఫ్‌జీ 800 కొనే ముందు మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. యమహా ఎఫ్‌జీ 800 వచ్చి చాలా ఏళ్లయింది కదా, అందరూ మెచ్చుకున్న ఆ గిటారు ఇప్పటికీ కొనదగినదేనా అని అడిగావు. మీ విశాఖలోనే ఒకాయన వాడినది అమ్ముతున్నారని, దుకాణంలో కొత్తది కూడా ఉందని రాశావు. మోడల్ గురించి నాకు సందేహం లేదు. నువ్వు చేతిలోకి తీసుకోబోయే ఆ ఒక్క గిటారు గురించే నా బెంగంతా.

మోడల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. యమహా వాళ్లు ఎఫ్‌జీ వరుసను 1966లో మొదలుపెట్టారు. 800 వరుస 2016లో వచ్చింది. పైపలక పొరలు లేని ఒకే చెక్కతో చేసినది, సిట్కా స్ప్రూస్ అనే రకం. దాని అడుగున బిగించిన పట్టీలను అక్కడక్కడ తొలిచి పలచన చేస్తారు, అందువల్ల పలక స్వేచ్ఛగా కంపిస్తుంది. పక్కలూ వెనుకభాగమూ మాత్రం పొరలు అతికించిన చెక్కే. గిటారు గొంతులో ఎక్కువ భాగం పైపలకదే కాబట్టి, ఈ ధరలో డబ్బు పెట్టవలసిన చోటే పెట్టారని నా అభిప్రాయం. ఫోనులా నాలుగేళ్లకు పాతబడే వస్తువు కాదిది. రోజ్‌వుడ్ పక్కలున్న ఎఫ్‌జీ 830 కోసం అదనంగా పెట్టాలనుకుంటే, ఆ సొమ్ము తీగల ఎత్తు సరిచేయించే మంచి సెటప్‌కు ఖర్చు చేయమంటాను. ఇంకొక మాట. నీ చేతులు చిన్నవి. ఎఫ్‌జీ 800లో మీటే తీగ పొడవు 650 మిల్లీమీటర్లు, యమహా వాళ్లదే చిన్న మోడల్ ఎఫ్ఎస్ 800లో 634. దాని ఒళ్లు కూడా చిన్నది. రెండింటినీ ఒడిలో పెట్టుకొని పావుగంట వాయించి చూడు. భుజం నొప్పి పుట్టించే గిటారు ఎంత బాగా మోగినా మూలకు చేరుతుంది.

ఇక ఆ పాత గిటారు. చాలా ఏళ్ల కిందట నేనొకటి కొన్నాను. రంగు మెరుస్తోంది, శ్రుతి నిలుస్తోంది, ధర తక్కువ. ఇంటికి తెచ్చుకున్న సంతోషం ఒక్క వానాకాలంతో తీరిపోయింది. తీగలు ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) మీదుగా పైకి లేచిపోయాయి, వేళ్లు కాయలు కట్టాయి. బాగుచేయిద్దామంటే తీగలు ఆనే పట్టీ అయిన శాడిల్‌ను అప్పటికే అరగదీసి అడుగంటించారు, ఇక తగ్గించడానికి ఏమీ మిగల్లేదు. కొనేటప్పుడు నేను శాడిల్ వైపు చూడనే లేదు. అందుకే నువ్వు మొదట చూడవలసింది అదే. పైపలక మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి చెక్కకు పైన తెల్లటి శాడిల్ కనీసం మూడు మిల్లీమీటర్లు కనబడాలి. అప్పుడు 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు కొలువు. లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు ఉంటే హాయిగా వాయించవచ్చు. శాడిల్ పొట్టిగా ఉండి తీగలు ఎత్తుగా ఉన్నాయంటే, ఆ గిటారును అక్కడే వదిలేసి వచ్చేయి.

ఎందుకంటే అది మెడ (ఫ్రెట్లున్న పొడవాటి భాగం) ఒంటికి కలిసే చోట ఒరిగిందనడానికి గుర్తు. ఆరు తీగలూ కలిసి రాత్రీ పగలూ డెబ్బై కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి. ఏళ్ల తరబడి ఆ లాగుడుకు మెడ ఒంటికి కలిసే కోణమే మారిపోతుంది. పొడవైన స్టీలు స్కేలును ఫ్రెట్ల మీద పరిచి బ్రిడ్జి వైపు జరుపు. దాని చివర బ్రిడ్జి చెక్క పైఅంచును తాకుతూ పోవాలి. కిందికి దిగి చెక్క ముఖానికి కొట్టుకుంటే మెడ జారినట్టే. అమ్మేవాళ్లు మెడ లోపలుండే ఇనుప రాడ్ తిప్పితే సరిపోతుందని చెబుతారు, నమ్మవద్దు. ఆ రాడ్ మెడలోని వంపును మాత్రమే సరిచేస్తుంది, కోణాన్ని కాదు. ఈ గిటారులో మెడను జిగురుతో అతికించారు. దాన్ని ఊడదీసి మళ్లీ అమర్చడం తెలిసినవాళ్లు అరుదు, దొరికినా కూలి గిటారు ధరకు దగ్గరగా వస్తుంది.

మీ అమ్మమ్మ బొబ్బిలి వీణ గుర్తుందా? దానిలో మెట్లు మైనం మీద నిలుస్తాయి. మైనం కరిగించి, మెట్లు మళ్లీ అమర్చి మేళం కట్టుకుంటే స్వరస్థానాలు సరిపోతాయి. గిటారు ఫ్రెట్లు చెక్కలోకి దిగగొట్టినవి, ఆ వెసులుబాటు లేదు. కాబట్టి మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల కింద పడ్డ గాడులను వేలితో తడిమి చూడు. గోరు దిగేంత లోతుంటే ఖర్చు తప్పదు. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు ఆనించి మీటు, తరవాత అక్కడే నొక్కి మీటు. రెండు స్వరాలూ ఒకటి కావాలి. కానీ తుప్పుపట్టిన తీగలతో ఈ పరీక్ష చేయవద్దు, అవి మంచి గిటారును కూడా అపశ్రుతిలో పలికిస్తాయి. కొత్త తీగల సెట్టు ఒకటి నీతో తీసుకెళ్లు, వేసి చూడనిస్తారేమో అడుగు.

బ్రిడ్జి వెనక అంచు కిందికి ఒక కాగితం ముక్క దూర్చి చూడు, దూరితే జిగురు వదులుతోంది. పైపలక మధ్యలోని గుండ్రటి రంధ్రం, సౌండ్‌హోల్ అంచును ఫోను టార్చి వేసి చూడు. పైపలక గీతలు మందంలోకి అలాగే దిగుతూ కనబడితే ఒకే చెక్క, పొరలు కనబడితే అది నువ్వనుకుంటున్న మోడల్ కాదు.

విశాఖ గాలి గురించి మరిచిపోకు. ఒకే చెక్క పలక తేమను పీలుస్తుంది, ఉబ్బుతుంది, బ్రిడ్జి వెనక పొట్టలా లేస్తుంది. కొద్దిగా లేవడం సహజం, బాగా లేచి బ్రిడ్జి ముందుకు ఒరిగితే వద్దు. గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ హాయి. కొన్నాక పెట్టెలోనే ఉంచు, పెట్టెలో చిన్న తేమమాపకం వేసుకో. ఎండలో నిలిపిన కారులో ఒక్క పూట కూడా వదలకు, జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కొత్తదాని ధరలో సగానికి అటూ ఇటూగా ఇస్తానంటే పాతదే తీసుకో. నాలుగైదేళ్లు వాయించిన స్ప్రూస్ పలక గొంతు విచ్చుకుంటుందని నా చెవి నమ్ముతుంది. మూడింట రెండు వంతులు అడిగితే కొత్తదే కొను. అక్కడా అదే మోడల్‌లో రెండు మూడు బయటికి తీయించి వాయించు. ఒకే అచ్చులో చేసినా చెక్క వేరు, గొంతు వేరు.

ఆదివారం చూడడానికి వెళుతున్నావు కదా. శాడిల్‌ను పక్కనుంచి, స్కేలు బ్రిడ్జిని తాకిన చోటును దగ్గరగా ఫొటోలు తీసి నాకు పంపు. అవి చూసేదాకా బయానా ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ మామయ్య