గ్యాస్ అయిపోయిందంటే ఎక్కడికి పోయినట్టు?

ప్రశ్న: మా కారు కొని ఏడేళ్లయింది. ఏసీ చల్లగా రావడం లేదని పోయిన ఏప్రిల్‌లో గ్యాస్ పట్టించాం. రెండు నెలలు బాగానే ఉంది. ఈ ఎండాకాలం బటన్ నొక్కితే మళ్లీ వేడి గాలే. గ్యాస్ అయిపోయింది, పట్టిద్దాం అంటున్నాడు మెకానిక్. ఏడాదిన్నర బాబును తీసుకుని నెలకోసారి హనుమకొండ ఆస్పత్రికి వెళ్లి రావాలి. ఏటా ఈ ఖర్చు తప్పదా?
– ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: తప్పుతుందమ్మా. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్, కండెన్సర్, లోపలికొచ్చే గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, వాటి మధ్య పైపులు, అన్నీ కలిపి ఒక మూసిన దారి. ఆ దారిలో అదే గ్యాస్ తిరుగుతూ కారు లోపలి వేడిని మోసుకెళ్లి రేడియేటర్ ముందున్న కండెన్సర్ దగ్గర వదిలేసి మళ్లీ లోపలికి వస్తుంది. రబ్బరు పైపుల గుండా, సీళ్ల గుండా ఏళ్ల మీద కొంచెం తగ్గడం మామూలే, అందుకని ఐదారేళ్లకోసారి పట్టించాల్సి వస్తే అనుమానించక్కర్లేదు. రెండు నెలలకే తేడా వచ్చిందంటే మాత్రం ఎక్కడో లీకు ఉండి ఉండాలి. లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపడమంటే చిల్లు బిందెలో నీళ్లు పోయడమే.

అసలు తగ్గింది గ్యాసేనా అన్నది కూడా ముందు తేల్చుకోండి. ఇది ఇంటి దగ్గరే కొంతవరకు తెలుస్తుంది. కారు నీడలో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి ఏసీ ఆన్ చేయించండి. చాలా కార్లలో ‘టక్’మని ఒక చప్పుడు వినబడుతుంది, బెల్టుతో తిరిగే కంప్రెసర్ పుల్లీకి ముందున్న ప్లేటు కూడా దాంతోపాటు తిరగడం మొదలవుతుంది. చీర కొంగు, చున్నీ బెల్టు దగ్గరికి పోనివ్వకండి, దూరం నుంచే చూడండి. పుల్లీ తిరుగుతూ ప్లేటు కదలకుండా ఉందంటే కంప్రెసర్ పని చేయడం లేదన్నమాట. దానికి కారణం ఫ్యూజ్ కావచ్చు, రిలే కావచ్చు, ఆ ప్లేటును పుల్లీకి అతికించే క్లచ్ కాయిల్ కాలిపోయి ఉండొచ్చు. గ్యాస్ బాగా తగ్గిపోయినా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆన్ కానివ్వదు. ప్లేటు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగి, మళ్లీ తిరిగి ఆగుతుంటే గ్యాస్ తక్కువనే అనుమానం బలపడుతుంది.

ఇంకోటి, గాలే సరిగ్గా రాకపోతే గ్యాస్ ఎంతున్నా లాభం లేదు. చాలా కార్లలో డాష్‌బోర్డు అర వెనకాల క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. లాగి చూడండి. వేప చెట్టు కింద పార్క్ చేసే కార్లలో ఆకులు, పూత, దుమ్ము కలిసి గోనెసంచి ముక్కలా గట్టిపడిన ఫిల్టర్లు నేను చాలా చూశాను. ఫిల్టర్ మార్చుకోవడం సొంతంగా చేసుకోగలిగిన పని, మెకానిక్ అవసరం లేదు.

ఇవన్నీ చూశాక మెకానిక్ దగ్గరికి వెళ్లి, గ్యాస్ పట్టించే ముందు లీకు చూపించమని అడగండి. ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు, డబ్బు మీది. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా పైపుల్లో తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట ఆ ఆయిల్ బయటికి చెమ్మగిల్లి, దాని మీద దుమ్ము పట్టి, పైపు జాయింటు చుట్టూనో కండెన్సర్ మీద ఒక మూలనో నల్లటి జిడ్డు మరక కడుతుంది. చుట్టుపక్కలంతా పొడి దుమ్ముండి ఆ రూపాయి బిళ్లంత మేర మాత్రం తడిగా మెరుస్తుంటే లీకు అక్కడే అని ఎక్కువగా అనుమానించాలి. కంటికి కనపడకపోతే నైట్రోజన్ ప్రెషర్ ఎక్కించి సబ్బు నీళ్లు రాస్తే బుడగలొస్తాయి. డాష్‌బోర్డు లోపలున్న కూలింగ్ కాయిల్ లీకయితే పని పెద్దది, చాలా కార్లలో డాష్‌బోర్డు విప్పాలి, ఖర్చు ముందే మాట్లాడుకోండి. పైపు జాయింటులో ఉండే పాత రబ్బరు రింగు (ఓ-రింగ్) కారణమైతే చిన్న ఖర్చుతో పోతుంది.

లీకు సరిచేశాక వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట పైపుల్లోని గాలిని, తేమను లాగెయ్యాలి. తొందరలో ఇది ఎగ్గొడితే లోపల మిగిలిన తేమ, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ వెళ్లే సన్నటి దారి అయిన ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి అడ్డం పడుతుంది. ఆ తర్వాత గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. ఎంత పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది, మన చిన్న కార్లకు సాధారణంగా అర కిలో లోపే. ‘ఇంకొంచెం ఎక్కువ కొట్టు తమ్ముడూ’ అని మనమే అడుగుతాం, అది తప్పు. గ్యాస్ ఎక్కువైతే ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

బాబు విషయంలో ఒక మాట. ఎండలో నిలిపిన కారులోకి అతన్ని వెంటనే ఎక్కించకండి. అద్దాలన్నీ దించి రెండు నిమిషాలు నడిపి వేడి గాలిని బయటికి పోనిచ్చి, అప్పుడు అద్దాలు ఎత్తి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ బటన్ నొక్కండి. తొందరగా చల్లబడుతుంది.

ప్రశ్న: క్యాబ్ నడుపుతాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏసీ చక్కగా పనిచేస్తుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగితే చాలు వేడి గాలి. కస్టమర్లు రేటింగ్ తగ్గిస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక డ్రైవర్, హైదరాబాద్

జవాబు: మీరు చెప్పిన తీరులోనే సగం సమాధానం ఉంది అన్నా. బండి పరుగెడుతుంటే ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యాన్ చేయాలి. ఏసీ వేసి ఐదు నిమిషాలు ఆగి చూడండి, ముందున్న ఫ్యాన్ తిరగకపోయినా, నీరసంగా తిరిగినా అదే జబ్బు. ఇంకో పరీక్ష ఉంది. సిగ్నల్ దగ్గర వేడి గాలి వచ్చినట్టే ఇంటి దగ్గర ఇంజిన్ ఆన్‌లో ఉంచి వేడి గాలి వచ్చేదాకా ఆగి, ముందు గ్రిల్ లోంచి కండెన్సర్ మీద రెండు చెంబుల నీళ్లు నిదానంగా చల్లండి. నిమిషంలో లోపల చల్లబడిందంటే కండెన్సర్ వేడిని వదల్లేకపోతోందని అర్థం, దానికి ఫ్యాన్ అయినా కారణం కావాలి, రెక్కల మధ్య పేరుకున్న మట్టి, పురుగులు అయినా కావాలి. కడిగించేటప్పుడు ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి, ఆ పల్చటి రెక్కలు వంగిపోతే గాలి పోయే దారే మూసుకుపోతుంది. మామూలు గొట్టపు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. శుభ్రం చేశాక, ఫ్యాన్ బాగుండి కూడా మార్పు లేకపోతే అప్పుడు మెకానిక్‌తో గ్యాస్ ప్రెషర్ చూపే గేజ్ పెట్టించండి. నీలం వైపుది తక్కువ ప్రెషర్ పైపుకు, ఎరుపు వైపుది ఎక్కువ ప్రెషర్ పైపుకు. ఇంజిన్ నడుస్తుండగా నీలం, ఎరుపు ముళ్లు రెండూ తక్కువ చూపిస్తే గ్యాస్ తక్కువ. నీలం ఎక్కువుండి ఎరుపు తక్కువుంటే కంప్రెసర్ బలహీనపడిందని అనుమానించాలి. రీడింగులు మీరే దగ్గరుండి చూడండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ప్రశ్న: విజయవాడ నుంచి తిరుపతి వెళ్తుంటే గంటన్నర దాకా బాగుండి, తర్వాత ఏసీ గాలి పూర్తిగా తగ్గిపోయింది. బ్లోయర్ చప్పుడు మాత్రం వస్తోంది. భోజనానికి ఆగి బయల్దేరితే మళ్లీ మామూలే.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టి గాలికి అడ్డం పడుతోంది. మీరు ఆగినప్పుడు అది కరిగిపోయింది. మళ్లీ అలా అయితే ఏసీ బటన్ మాత్రం ఆపి బ్లోయర్‌ను పది పదిహేను నిమిషాలు నడవనివ్వండి. ఫిల్టర్ మూసుకుపోయినా ఇలా జరుగుతుంది, ముందు అది చూడండి. ఫిల్టర్ బాగుంటే కాయిల్ దగ్గరుండే టెంపరేచర్ సెన్సర్‌ను పరీక్ష చేయించండి, కాయిల్ గడ్డకట్టకముందే కంప్రెసర్‌ను ఆపించే సంకేతం దాని నుంచే అందాలి. గ్యాస్ కొద్దిగా తగ్గినా కాయిల్ మీద మంచు పట్టొచ్చు.

ప్రశ్న: ఏసీ వేస్తే ఎడమ సీటు ముందు మ్యాట్ తడిసిపోతోంది. వాసన కూడా.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కాయిల్ మీద నీళ్లూ ఎక్కువే పడతాయి. అవి కారు కింద రోడ్డు మీద కారాలి. కింద చుక్క పడకుండా లోపల తడుస్తోందంటే డ్రెయిన్ పైపులో మట్టి అడ్డం పడినట్టే, పది నిమిషాల్లో శుభ్రం చేస్తారు. ముందు ఆ తడిని తెల్ల గుడ్డతో అద్ది చూడండి. రంగుగా, జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే అది ఏసీ నీళ్లు కాదు, హీటర్ నుంచి కారుతున్న కూలెంట్. అలాంటప్పుడు ఆలస్యం చేయకండి, ఇంజిన్ వేడెక్కిపోతుంది.