రాత్రిపూట పక్కింటి కుక్క మొరుగుడు: ముందు గేటు సంగతి చూడండి
భీమవరంలో మీ పక్కింటి కుక్క రాత్రి 2 నుంచి రొయ్యల వ్యాన్లు వెళ్లినప్పుడల్లా మొరుగుతోందని, గేటు దగ్గరే కట్టేస్తారని రాశారు కదండీ. తప్పంతా ఆ చోటుదే. ఊచల్లోంచి వ్యాను కనబడుతుంది, ఇది మొరుగుతుంది, వ్యాను వెళ్లిపోతుంది. తనే తరిమేశాననుకుంటుంది పాపం. అందుకే రోజురోజుకీ ముదురుతుంది. గేటుకి లోపలివైపు నాలుగడుగుల ఎత్తున ఆకుపచ్చ షేడ్‌నెట్ బిగించి, రాత్రిళ్లు పెరటి వరండాలోకి మార్చమనండి. పడుకోబోయే ముందు అరగంట నడిపించి, ఆ తర్వాతే అన్నం పెట్టాలి. మొరిగినప్పుడు గదమాయిస్తే మీరూ తోడు మొరుగుతున్నారనుకుంటుంది, వద్దు. వారం రోజులు ఏ టైముకి, ఎంతసేపు, దేన్ని చూసి మొరిగిందో కాగితం మీద రాసి పక్కింటివాళ్లకి చూపించండి. ఒట్టి ఫిర్యాదు కన్నా బాగా వింటారు. వీధికుక్కలైతే మున్సిపాలిటీకి అర్జీ పెట్టాలి: 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేసి సాధారణంగా పట్టుకున్న చోటే వదులుతారు.