పాత డంప్ ట్రక్కు: ముందుగా చూడవలసింది నడుమే

ప్రశ్న: క్వారీ పనికి ఆరు చక్రాల ఆర్టిక్యులేటెడ్ (నడుములో వంగే) డంప్ ట్రక్కును సెకండ్‌హ్యాండ్‌లో చూశాం. మీటరు 9,000 గంటలు చూపుతోంది. రంగు కొత్తది, ఇంజను వెంటనే స్టార్టయింది. ఇంకేం చూడాలి?

జవాబు: మీరు చెప్పిన మూడింటిలో ఏదీ బండి అసలు స్థితిని చెప్పదు. మీటరును మార్చి ఉండవచ్చు, రంగు పగుళ్లను కప్పుతుంది, అప్పటికే వేడెక్కిన ఇంజను ఎలాగూ తేలిగ్గా అందుకుంటుంది. కాబట్టి మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉంచమని ముందే చెప్పండి.

ఈ బండికి నడుములో కీలు ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు హైడ్రాలిక్ సిలిండర్లు బండిని అక్కడే వంచుతాయి. ముందు భాగం ఒక వైపు, తొట్టి మరో వైపు ఒరిగినా చాసిస్ మెలిపడకుండా కాపాడేదీ అక్కడి బేరింగే. ఇంజను నడుస్తుండగా, బండి కదలకుండా, స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పించి, మీరు దూరంగా పక్కనుంచి కీలును పట్టి ఉంచే పిన్నుల (లావు కడ్డీల) వైపే చూడండి. సిలిండరు కదిలినా బండి వంగడానికి క్షణం ఆలస్యమైతే, లేదా టక్కుమని చప్పుడు వస్తే, బుష్‌లు (పిన్నుల చుట్టూ ఉండే లోహపు గొట్టాలు) అరిగినట్టే. ఆ సమయంలో కీలు మధ్యలోకి ఎవరూ వెళ్లకూడదు. ఇంజను ఆపి, లాక్ బార్ (కీలు వంగకుండా ఆపే కడ్డీ) బిగించిన తర్వాతే దగ్గరికి వెళ్లాలి. అప్పుడు అక్కడి గ్రీజును వేళ్ల మధ్య రుద్ది చూడండి. మెరిసే లోహపు నలుసులు తగిలితే అరుగుదల ఇంకా సాగుతోందని అర్థం. పిన్నూ బుషూ మార్చడం చిన్న పనే, కానీ అవి కూర్చునే రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి సాగిపోతే వెల్డింగుతో నింపి మళ్లీ గుండ్రంగా తొలచవలసి వస్తుంది, అది చాలా పెద్ద ఖర్చు.

చాసిస్‌పై పాత వెల్డింగు అతుకులనూ, తొట్టి అడుగు రేకు మందాన్నీ పరిశీలించండి. ఆరు టైర్ల అరుగుదల దాదాపు సమానంగా ఉండాలి, లేకుంటే యాక్సిల్, గేర్‌బాక్స్‌లపై అనవసర ఒత్తిడి పడుతుంది. ఇంజను, గేర్‌బాక్స్, యాక్సిళ్ల ఆయిల్ నమూనాలను వేర్వేరుగా ల్యాబ్‌కు పంపండి.

చివరగా, నిండు లోడుతో వాలులో దించి బ్రేకులూ, రిటార్డరూ (వాలులో బ్రేకులకు తోడుగా వేగాన్ని అదుపులో ఉంచే ఏర్పాటు) పరీక్షించండి. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే, ఆ బండిని కొనవద్దనే నా సలహా.